ఇంట్లోనే ఉన్నాం, మరి కరోనా ఎలా వచ్చింది?

సంపాదకులకు నమస్కారం.

"గడప దాటలేదండీ, అయినా ఇంటిల్లిపాదికీ వచ్చేసింది." ఈ 2021 మే నెలలో బెజవాడలో కరోనా గురించి ఎవరిని పలకరించినా ఈ మాటే. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఇంట్లో నలుగురుంటే గడప దాటనిది ముగ్గురు. నాలుగో మనిషి పొద్దున్నే కూరగాయలకో, డ్యూటీకో వెళ్లి వస్తున్నారు. ఎండకు కిటికీలన్నీ బిగించి ఏసీ వేసుకున్న గదిలో ఆ మనిషి వదిలిన గాలినే మిగతా ముగ్గురూ రాత్రంతా పీలుస్తున్నారు. అందుకే "ఇంట్లో ఉండండి" అని చెప్పి వదిలేస్తే సరిపోదు. ఇంట్లో ఎలా ఉండాలో, బయటికి వెళ్లే ఆ ఒక్కరూ ఎలా వెళ్లి రావాలో కూడా చెప్పాలి. ప్రజారోగ్య రంగంలో పనిచేస్తున్నవాళ్లం కనుక ఆ వివరం మీ పత్రిక ద్వారా రాస్తున్నాం.

ముందు జాగ్రత్తలు పట్టనివారి సంగతి. ఏడాదికి పైగా గుడికి కూడా వెళ్లకుండా ఇంటిపట్టునే ఉన్న పెద్దవాళ్లు, కింద సెల్లారులో మాస్కుల్లేకుండా క్యారమ్స్ ఆడుతున్నవాళ్లను బాల్కనీ లోంచి చూసి బాధపడుతున్నారు. ఆ బాధ న్యాయమైనది. గత ఏడాది ఏప్రిల్‌లో కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాడితే 24 మందికి సోకిందని అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ ఇంతియాజ్ గారు చెప్పారు. ఆ మనిషిని తిట్టడానికి దీన్ని గుర్తు చేయడం లేదు. పేకాట ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మోకాలికి మోకాలు తగిలేలా గుండ్రంగా కూర్చుని, గంటల తరబడి మాట్లాడుతూ, నవ్వుతూ, ఒకరి మొహంలోకి ఒకరు అరుస్తూ ఆడతారు. చేతులు మారిన ముక్కల కన్నా ఆ మధ్యలో నిలిచిన గాలికే మేము ఎక్కువ భయపడతాం. "నాకు జ్వరమేం లేదుగా" అనడం జవాబు కాదు. లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి ఇంకొకరికి అంటించగలడు. తనకు వచ్చిందని తెలిసేసరికి పేకాట అయిపోయి ఉంటుంది.

ఇక బజారు. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో పెట్టిన కర్ఫ్యూలో ఉదయం 6 నుంచి 12 వరకే సడలింపు. ఆరు గంటల టైము ఉన్నా ఎండకు జడిసి జనమంతా 7, 9 గంటల మధ్యే ఎగబడుతున్నారు. రోజూ వెళ్లడం మానేస్తే ఈ రద్దీ చాలావరకు తగ్గుతుంది. వారానికి సరిపడా కూరగాయలు ఒకేసారి తెచ్చుకుంటే సరిపోతుంది. తోటకూర, గోంగూర మొదటి రెండు రోజుల్లో వండేయాలి. తర్వాత బెండ, వంకాయ. దోసకాయ, కంద, చేమదుంప, గుమ్మడి చివరికి ఉంచుకోవచ్చు, ఇవి ఫ్రిజ్ లేకపోయినా నిలుస్తాయి. సందులోకి తోపుడు బండి వస్తే ఇంటికొకరు చొప్పున ఒకరి తర్వాత ఒకరు దిగండి. పది మంది ఒకేసారి బండి చుట్టూ మూగితే అది కూడా బజారే.

మాస్కు దగ్గర జరిగే పొరపాట్లు చాలా మామూలువి, చాలా ప్రమాదకరమైనవి. బేరమాడేటప్పుడు, ఫోన్ ఎత్తేటప్పుడు మాస్కును గడ్డం కిందికి లాగుతున్నారు. నోటి నుంచి తుంపరలు ఎక్కువగా వచ్చేది సరిగ్గా మాట్లాడేటప్పుడే. సర్జికల్ మాస్కు ఒక్కటే పెట్టుకుంటే బుగ్గల పక్కన సందు ఉండిపోతుంది. చెవి తాడును మాస్కు అంచుకు ఆనించి ముడి వేసి, పక్కన తేలిన మడతను లోపలికి దోపండి. లేదంటే దాని మీద బిగుతైన గుడ్డ మాస్కు వేయండి. రెండు సర్జికల్ మాస్కులు ఒకదానిపై ఒకటి వేస్తే సందు పోదు, ఊపిరి ఆడటం కష్టమవుతుంది, అంతే. కళ్లద్దాలు మసకబారుతుంటే ముక్కు దగ్గర తీగ సరిగా నొక్కలేదని గుర్తు. ముందు వాల్వు ఉన్న ఎన్95 వద్దు, అది మీరు వదిలే గాలిని వడకట్టకుండా ఎదుటివారి మీదికి పంపుతుంది. ఎన్95ను ఉతకకూడదు, శానిటైజర్ చల్లకూడదు. ఐదు కొనుక్కుని, ఒక్కోదాన్ని ఒక్కో కాగితం కవరులో ఉంచి రోజుకొకటి మార్చి వాడుకోవచ్చు. మన ఎండలకు గంటలో చెమటతో తడిసిపోతుంది కాబట్టి జేబులో ఇంకో మాస్కు ఉండాలి.

దీనంత ముఖ్యం కాని వాటి మీద ఎంతో శ్రమ పడుతున్నారు. కూరగాయలకు శానిటైజర్ రాయొద్దు, సబ్బు నీళ్లు వద్దు, మంచినీళ్లతో కడిగితే చాలు. పత్రిక చదివాక చేతులు కడుక్కోండి, దాన్ని ఎండలో ఆరబెట్టాల్సిన పని లేదు. కర్పూరం, వాము మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరగదు. ఆవిరి పట్టడం వల్ల వైరస్ చావదు, గిన్నె ఒలికి పిల్లలు కాలితే అదో కష్టం.

కష్టపడాల్సింది గాలి విషయంలో. పెద్ద తుంపరలు రెండు మీటర్లలో కింద పడతాయి కానీ సన్ననివి గాలిలో పది మీటర్ల దాకా పోగలవని కేంద్ర ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం ఈ నెలలోనే చెప్పింది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కిటికీకి బిగించిన కూలరు నయం, బయటి గాలిని లోపలికి తోస్తుంది. అయితే ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. లేకపోతే గాలి పోయే దారి ఉండదు, ఉక్కపోత కూడా తగ్గదు. ఏసీ తప్పదనుకుంటే కిటికీ ఒక రెక్క తెరిచి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను ఆన్‌లో ఉంచండి. కరెంటు బిల్లు కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. బయట తిరిగి వచ్చేవారు అమ్మమ్మ, తాతయ్యల గదిలోకి మాస్కుతోనే వెళ్లాలి. అందరి మాస్కులూ ఒకేసారి తీసేది భోజనాల దగ్గర. పెద్దవాళ్లకు ముందు వడ్డించేయండి, తిరిగి వచ్చినవాళ్లు తర్వాత తింటారు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక్కరే ఉన్నా మాస్కు తీయొద్దు. ముందు ఎక్కిన మనిషి దిగిపోయినా వదిలిన గాలి అందులోనే ఉంటుంది.

మూడు గదుల ఇల్లు ఉన్నవారికి ఇదంతా చెప్పడం తేలిక. వన్‌టౌన్ కొండ మీద ఒకే గదిలో ఆరుగురు ఉండేవారికి "విడి గదిలో ఉండండి" అనడం వారి ఇల్లు చూడకుండా చెప్పే మాట. లక్షణాలున్న మనిషి మంచం వరండాలోనో, డాబా మీదో వేయండి. లోపలే పడుకోక తప్పకపోతే కిటికీ పక్కన పడుకోబెట్టి, ఒకరి తల ఉన్నవైపు ఇంకొకరి కాళ్లు ఉండేలా పక్కలు వేయండి. టేబుల్ ఫ్యాను ఉంటే దాని ముఖం కిటికీ బయటికి తిప్పండి, గదిలో గాలిని అది బయటికి నెడుతుంది. నాలుగిళ్లకు ఒకటే మరుగుదొడ్డి అయితే జబ్బు మనిషి అందరికన్నా చివర వెళ్లాలి, తర్వాత తలుపు బార్లా తెరిచి ఉంచాలి. కడగడానికి లీటరు నీళ్లకు సుమారు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. దానిలో బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఇవేవీ కుదరకపోతే కోవిడ్ కేర్ సెంటరుకు వెళ్లడమే మిగతా ఐదుగురికీ మేలు, అందులో నామోషీ ఏమీ లేదు.

నగరపాలక సంస్థలకు ఒక విన్నపం. గత ఏడాది లాక్‌డౌన్‌లో రైతుబజార్లను మైదానాల్లోకి మార్చినట్టే ఇప్పుడూ ఆరుబయట విడగొట్టి పెట్టించండి. రేకుల షెడ్డు కింద దూరం కోసం గీసిన వృత్తాల కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

చివరగా, ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే. పరీక్షలో నెగెటివ్ వచ్చిందని విడిగా ఉండటం మానేయొద్దు. శాంపిల్ మరీ ముందుగా తీసినా, సరిగా తీయకపోయినా నెగెటివ్ వస్తుంది. లక్షణాలు మొదలైన రోజు క్యాలెండరులో రాసి పెట్టండి, ఐదో రోజు నుంచి పదో రోజు దాకా మరీ కనిపెట్టి చూడాలి. ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) వేలికి పెట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చోవాలి. గోళ్లకు రంగు, గోరింటాకు ఉంటే అంకె తప్పు రావచ్చు, అవి లేని వేలికి పెట్టండి. పెట్టగానే కనిపించే అంకె కాదు, నిమిషం పాటు ఉంచాక నిలకడగా ఉన్న అంకె రాసుకోండి. 94 లేదా అంతకు పైన ఉంటే గదిలోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి, 60 దాటినవారికి మూడు నిమిషాలు చాలు, పక్కన ఒకరు ఉండాలి. కూర్చున్నప్పుడే ఆయాసం ఉన్నవారిని నడిపించొద్దు. 94 కన్నా తగ్గినా, నడక తర్వాత మూడు పాయింట్లు లేదా అంతకు మించి పడినా 104 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఊపిరి అందకపోతే నేరుగా 108కే. ఫోన్ చేసేటప్పుడు కాగితం చేతిలో పెట్టుకోండి: వయసు, జ్వరం మొదలైన తేదీ, షుగరు, బీపీ ఉన్నాయా, నడకకు ముందు అంకె, తర్వాత అంకె.

ఇట్లు,
కొందరు ప్రజారోగ్య వైద్యులు, నర్సులు
విజయవాడ