మథిలి ఊరేగింపుకు విల్లంబులు వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 15కు భూమియా తెగకు చెందిన ఆదివాసీ స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్ కథను నాటకంగా వేసే కోరాపుట్, రాయగడ తెలుగు బృందాలకు మా మనవి. 1942 ఆగస్టు 21న ఆయన వెంట మథిలి పోలీస్ స్టేషన్‌కు నడిచినవారు గాంధీ మార్గంలో వెళ్లినవారు. వేదిక మీద వాళ్ల చేతికి విల్లంబులు, ఈటెలు ఇవ్వడం చిన్న తప్పు కాదు. ఫారెస్టు గార్డును చంపారన్న అభియోగంపైనే ఆయన్ని 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ఆయుధం పట్టిస్తే ఆ అభియోగాన్ని మనమే నిజం చేసినట్టు. జెండా, ఖద్దరు చాలు.

ఆదివాసీ పాత్రలు వేసేవాళ్ల ఒంటికి నల్లరంగు పూయడమూ మానాలి. లైట్ల వేడికి చెమట పట్టి మెడ దగ్గర చారలు కడుతుంది. అంతకుమించి, ఎదురుగా కూర్చున్న ఆదివాసీలకు అది అవమానం. భూమియా యువకులనే తీసుకోండి, గుంపులోకి కాదు, మాటలున్న పాత్రల్లోకి. వాళ్ల సంభాషణలు ఇక్కడి వాడుక భాష దేశియాలోనే, చిన్న చిన్న వాక్యాల్లో, ఆ భాష మాట్లాడేవాళ్లతోనే రాయించండి. పక్కనున్న తెలుగు పాత్ర ఇచ్చే జవాబులోనే అర్థం తెలిసిపోవాలి. సూత్రధారి ప్రతి మాటకూ తెలుగు చెబుతూ పోతే సన్నివేశం చప్పబడుతుంది.

ఇంకొకటి. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కచేరీల్లో తెలుగు నడిచింది. కనుక సర్కారు గుమాస్తా పాత్రకు తెలుగు పెట్టడానికి జంకవద్దు. మనవాళ్లందరినీ జెండా పట్టినవాళ్లుగానే చూపిస్తే అది చరిత్ర కాదు.

ఇట్లు,
కొందరు రంగస్థల కళాకారులు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా