రెండు విస్తళ్ళ ఇటలీ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నాడు లెక్కల్లో గట్టెక్కాడు, వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఇంటి కబుర్లు అంతే. అసలు సంగతి వేరే.

మొదటి ప్రపంచ యుద్ధం పాఠం కోసం ఇటలీ గురించి చదువుతుంటే అడుగడుగునా నువ్వే కనపడ్డావురా! మెస్ సెక్రటరీ ఎన్నికలప్పుడు "నేను తటస్థుణ్ణి" అంటూ పొద్దున ఆ గదిలో ఇడ్లీ, రాత్రి ఈ గదిలో బిర్యానీ లాగించావే, అచ్చం అలాగే.

ఇటలీ 1882 నుంచీ జర్మనీ, ఆస్ట్రియా-హంగరీల కూటమిలో ఉంది. 1914లో యుద్ధం రాగానే "మీ మీద ఎవరైనా పడితే సాయానికి వస్తామన్నాం గానీ, మమ్మల్ని అడక్కుండా మీరే సెర్బియా మీద పడితే కాదు" అని పక్కకి తప్పుకుంది. న్యాయంగానే ఉంది కదా? ఆగు. బాల్కన్లలో ఆస్ట్రియాకి ఏదైనా దక్కితే ఇటలీకి ప్రతిఫలం ఇవ్వాలని ఆ ఒప్పందంలోనే ఉంది. దాన్ని పట్టుకుని బేరం మొదలైంది. ఆ విధానానికి ప్రధాని సలాండ్రా పెట్టిన పేరు "పవిత్ర స్వార్థం". నీకెందుకు తట్టలేదురా ఆ మాట? వార్డెన్ ముందు పనికొచ్చేది.

జర్మనీ తన మాజీ ఛాన్సలర్ బ్యూలోని రోముకి పంపింది. ఆయన భార్య ఇటలీ ఆడపడుచు. అల్లుడి మాట వింటారనుకున్నారేమో! తన ఏలుబడిలో ఉన్న ట్రెంటినో ప్రాంతం ఇటలీకి ఇవ్వమంటే ఆస్ట్రియా నెలల తరబడి నీళ్ళు నమిలింది. నమలదా మరి, సొంత భూమి. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలకి ఆ బాధ లేదు. ఇచ్చేది ఆస్ట్రియా భూమే కాబట్టి ట్రెంటినో, ట్రియెస్టె, ఇస్ట్రియా, డాల్మేషియాలో ఒక ముక్క, ఎంత కావాలంటే అంత! 1915 ఏప్రిల్ 26న లండన్‌లో గుట్టుగా సంతకాలు అయిపోయాయి. పైగా కనీసం 5 కోట్ల పౌండ్ల అప్పు ఇప్పిస్తామన్న మాట. నెలలోగా యుద్ధంలో దిగాలి. పాత కూటమిని వదిలింది మాత్రం మే మొదట్లో. అంటే ఓ వారం పాటు రెండు విస్తళ్ళలోనూ చెయ్యి!

ఇదంతా పార్లమెంటుకి తెలియదు. అక్కడ ఎక్కువమందికి యుద్ధం ఇష్టం లేదు. యుద్ధం లేకుండా బేరంతోనే చాలా వస్తుందన్న మాజీ ప్రధాని జొలిట్టి రోము చేరగానే దాదాపు 300 మంది సభ్యులు ఆయన ఇంట్లో తమ పేరు కార్డులు పెట్టి వెళ్ళారు, మేం నీ వైపే అని. సభలో మొత్తం 508 మంది! మే 13న సలాండ్రా రాజీనామా. అయిపోయింది, యుద్ధం తప్పింది అనుకున్నాను చదువుతూ. కానీ వీధుల్లో యుద్ధం కావాలంటూ కవి డానున్సియో ఉపన్యాసాలు, గుంపులు, పార్లమెంటు కిటికీల మీద రాళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం, రాజు మాట లండన్‌లో తాకట్టులో ఉంది. దాన్ని విడిపించే బాధ్యత ఎవరూ నెత్తిన వేసుకోలేదు, జొలిట్టితో సహా. రాజు రాజీనామా తిప్పి పంపాడు. మే 20న అదే సభ 407 ఓట్లతో ప్రభుత్వానికి ప్రత్యేకాధికారాలు ఇచ్చేసింది. వ్యతిరేకం 74. మూడొందల కార్డులు వారంలో ఎక్కడికి పోయాయిరా? మే 23న ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించారు.

ఇక్కడిదాకా నిన్ను తలుచుకుని నవ్వుతూనే చదివాను. ఆ తర్వాత ఆస్ట్రియా సరిహద్దు దగ్గరి ఇజోంజో నది. అక్కడే, ఆ రాళ్ళగుట్టల మీదే, రెండేళ్ళ పైచిలుకులో పదకొండుసార్లు దాడి చేశారు. యుద్ధం అయ్యేసరికి ఇటలీ సైనికులు 6 లక్షల మంది దాకా పోయారు. చాలామంది పల్లెటూరి రైతు బిడ్డలు. ట్రియెస్టె పేరైనా విని ఉంటారా అని... ఏమో. పాఠం చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది, పిల్లలు జలుబు అనుకున్నారు.

ఆ రహస్య పత్రం ఎలా బయటపడిందో చెప్పలేదు కదూ? 1917లో రష్యాలో బోల్షెవిక్కులు వచ్చీ రాగానే బీరువాలు తెరిచి... అయ్యో, గ్యాస్ బండి హారన్ కొడుతోంది, మూడు రోజులుగా దీనికోసమే కాపలా. మిగతాది