గరిక నుంచి సజ్జ దాకా

హైదరాబాద్,
వినాయక చవితి మరునాడు.

ప్రియమైన మిత్రమా,

నీకూ, చెల్లెమ్మకూ, పిల్లలకూ పండుగ శుభాకాంక్షలు. నిన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్నకు నేను సగం సమాధానం చెప్పేలోపే పాలు పితికే వేళైందని వెళ్ళిపోయావు. "రేడియేషన్ పెట్టిన విత్తనం నుంచి వచ్చిన మేతను నా గేదెల ముందు వేయమంటావా?" అన్న నీ మాటలో భయం ఉంది, నా మీద కాస్త నిష్ఠూరమూ ఉంది. నేను పంపిన మేత సజ్జ సంచిని విప్పకుండానే అటక మీద పెట్టావని తెలిసి నాకు బాధ కలిగింది కాబట్టి, ఈసారి తీరికగా, మొదటి నుంచి చెబుతాను.

ముందు నీ భయం సంగతి. గామా కిరణాలు గింజలోంచి దూసుకుపోతాయే గాని అందులో నిలిచిపోవు. ఈ పనికి వాడే కోబాల్ట్ 60 అనే లోహం నుంచి వెలువడే గామా కిరణాలకు, తాము తాకిన గింజను రేడియోధార్మిక పదార్థంగా మార్చేంత శక్తి లేదు. పోయినేడు నీ మోకాలికి ఎక్స్‌రే తీశారు. ఆ కిరణం నీ మోకాలిలో ఏమైనా మిగిలిందా? ఇదీ అంతే. పైగా కిరణం తగిలింది ఎప్పటిదో ముత్తాత గింజకు. నీ చేతికి వచ్చింది ఎన్నో పంటల తరువాతి విత్తనం.

మరి మిగిలేదేమిటంటే, మార్పు. కిరణం తగిలినచోట కణంలోని డీఎన్ఏ పోగు తెగుతుంది, కణం దాన్ని మళ్ళీ అతుకుతుంది, ఆ అతుకులో ఒకచోట అక్షరం తప్పుతుంది, మరొకచోట ఒక ముక్కే రాలిపోతుంది. ఆ తప్పునే ఉత్పరివర్తనం అంటారు. ఇలాంటి తప్పులు ప్రకృతిలో అనాదిగా జరుగుతూనే ఉన్నాయి. కిరణాలు వాటి సంఖ్యను పెంచుతాయి, అంతే. 1927లో హెర్మన్ ముల్లర్ ఎక్స్‌రేలతో ఈగలలో ఈ మార్పులు తెప్పించగా, 1928లో లూయిస్ స్టాడ్లర్ బార్లీలో, మొక్కజొన్నలో అదే చూపించాడు. బార్లీ, మొక్కజొన్న, వరి, జొన్న, సజ్జ అన్నీ గడ్డి కుటుంబమే కదా; కాబట్టి ఈ విద్య పైర్లలో పుట్టిందే గడ్డి మీద అని నేనంటాను. విచిత్రమేమిటంటే, దీనివల్ల రైతుకు పనికొచ్చే రకాలు వస్తాయని స్టాడ్లర్‌కే పెద్దగా నమ్మకం ఉండేది కాదు. ఎక్కువ మార్పులు చెడగొట్టేవే కాబట్టి ఆయన సందేహం అర్థం లేనిది కాదు.

మొన్న పూజ పత్రి కోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్ళి ఒక గరిక కట్ట తెచ్చుకున్నాను. దూర్వాయుగ్మం కోసం రెండేసి పోచలు ఏరుతుంటే, కట్టలో ఒక పొడుగాటి తీగ వేళ్ళకు చుట్టుకుంది. దాని ప్రతి కణుపు దగ్గరా తెల్లటి చిన్న వేరు మొనలు, పక్కనే ఒక మొగ్గ. ఏ కణుపును తుంచి నాటినా అదే గరిక. ఈ గుణమే మన గరికను అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్ళో గొప్ప కథగా మార్చింది. అక్కడ గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త, 36 క్రోమోజోములున్న మామూలు గరికను 18 ఉన్న ఆఫ్రికా సన్నగరికతో సంకరం చేశాడు. పుట్టిన బిడ్డకు 27 వచ్చాయి. మూడేసి చొప్పున ఉన్న క్రోమోజోములు సరిగ్గా జతకట్టలేవు కాబట్టి ఆ గడ్డికి విత్తనం కట్టదు. పచ్చిక మైదానానికి అది వరమే, కానీ దానిని ఇంకా మెరుగుపరచాలంటే మరో దానితో సంకరం చేసే దారి మూసుకుపోయింది. అప్పుడు మిగిలిన దారి, తీగ ముక్కలను గామా కిరణాల కింద పెట్టి, మొలిచిన వాటిలో వేరుగా ఉన్నదాన్ని వెతకడం. టిఫ్‌వే అనే రకం నుంచి అలా టిఫ్‌వే 2 వచ్చింది. అది మరింత దట్టంగా అల్లుకుంది, మంచుకూ నులిపురుగులకూ మరింత తట్టుకుంది. దానినే మళ్ళీ కిరణాల కింద పెడితే వచ్చిన టిఫ్‌ఈగిల్‌ను 1997లో విడుదల చేశారు. నేల నుంచి మూడు మిల్లీమీటర్ల ఎత్తున రోజూ కోసినా బతికే గరిక అది.

ఆ టిఫ్టన్‌కూ మన హైదరాబాద్‌కూ ఒక చుట్టరికం ఉంది, నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి అదే. బర్టన్ సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన తయారు చేసిన టిఫ్ట్ 23ఎ అనే మగవంధ్య సజ్జను, అంటే పనికొచ్చే పుప్పొడి రాని సజ్జను, తల్లిగా పెట్టుకుని, 1965లో లూధియానాలో మన దేశపు మొదటి సంకర సజ్జ హెచ్‌బి 1ను విడుదల చేశారు. దిగుబడి చూసి రైతులు మురిసిపోయారు. 1970ల మొదట్లో వెర్రికంకి తెగులు వచ్చి ఆ మురిపాన్ని తుడిచిపెట్టింది. ఆ తెగులు సోకిన మొక్క నీకూ గుర్తుండే ఉంటుంది: మంచు పడిన ఉదయం ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు, గింజ ఉండవలసిన కంకిలో ఆకుపచ్చటి చిన్న చిన్న ఆకులు, దూరానికి చీపురు తలకిందులుగా నిలబెట్టినట్టు. తల్లి ఒక్కటే కావడంతో అన్ని సంకరాలూ ఒకేసారి పడిపోయాయి.

తరువాత మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అదే టిఫ్ట్ 23 వంశంలోని పొట్టి రకపు విత్తనాలకు గామా కిరణాలు పెట్టి, ఆ సంతతిని తెగులు ఉధృతంగా ఉండే మడుల్లో పెంచి, మిగిలినవాటిలోంచి తట్టుకునే మొక్కలను ఏరి, 81ఎ అనే కొత్త తల్లిని తయారు చేశారు. దాని మీద సంకర రకాలు వచ్చాయి. మనుషులు తినే గింజ, పశువులు తినే చొప్ప రెండూ ఆ వంశం నుంచే పండాయి. ఇదంతా నువ్వు బస్సులో సంగారెడ్డికి పోతూ చూసే ఆ కంచె వెనక జరిగిన పని, మిత్రమా! నువ్వు దాన్ని విషం అన్నట్టు మాట్లాడితే నాకెలా ఉంటుంది చెప్పు.

ఇందులో కిరణం చేసే పని కొన్ని నిమిషాలదీ గంటలదీ మాత్రమే. తరువాతి ఏళ్ళన్నీ మనిషి కంటివి. రాజేంద్రనగర్ పొలాల్లో పనిచేసిన రోజుల్లో జొన్నలో ఈ పని నేను దగ్గరగా చూశాను. మొదటి తరం మొక్కలు గిడసబారి, గింజ సరిగా పట్టక దిగులు పుట్టిస్తాయి. వాటి ఒక్కో కంకి గింజలనూ ఒక్కో చాలులో విడిగా విత్తుతాం. దాగి ఉన్న మార్పులు బయటపడేది ఆ రెండో తరంలోనే. ఒక చాలులో పచ్చటి మొలకల మధ్య పాలలా తెల్లటి మొలకలు లేచేవి. పత్రహరితం లేక, గింజలోని ఆహారం అయిపోగానే పదిరోజుల్లో వాలిపోయేవి. వాటిని చూసి మొదట్లో నాకు ఏడుపొచ్చేది. మా పెద్దాయన మాత్రం సంతోషించేవాడు, ఎందుకంటే కిరణం సరైన మోతాదులో పనిచేసిందనడానికి అదే గుర్తు. వేల మొక్కల మధ్య ఉదయం పూట వంగి నడుస్తూ, ఒక ఆకు వెడల్పులోనో, ఒక కంకి ముందుగా రావడంలోనో తేడా పట్టుకుని దానికి దారం కట్టేవాళ్ళం. దారం కట్టిన వాటిలో నూటికి తొంభై మరుసటేడు ఏమీ కాకుండా పోయేవి.

ఇక నీ నేపియర్ గడ్డి. నువ్వు రెండు కణుపుల ముక్కలు నాటి పెంచుతున్నది సజ్జకూ నేపియర్‌కూ పుట్టిన సంకరం. సజ్జకు 14 క్రోమోజోములు, నేపియర్‌కు 28, దీనికి 21. టిఫ్టన్ గరిక లాగే ఇదీ విత్తనం కట్టని గొడ్డుమొక్క, కాబట్టి దీనినీ మెరుగుపరచాలంటే ఉత్పరివర్తనం ఒక మంచి దారి. ఒక చిక్కు ఉంది: మొగ్గలో చాలా కణాలుంటాయి, కిరణం మార్చేది వాటిలో ఏ ఒక్కదానినో. అందుకే దుబ్బులో ఒక పిలక మారి, పక్క పిలక పాతదిగానే ఉండవచ్చు. మారిన పిలకను వేరుచేసి, ముక్క చేసి, మళ్ళీ నాటి, గుణం నిలబడే దాకా మూడు నాలుగు మార్లు అలా చేయాలి. నీ చేతులను కోసే ఆ ఆకు అంచు మెత్తబడితే, కాండం కాస్త ఆలస్యంగా గట్టిపడితే, నీ గేదెలు ఎంత ఇష్టంగా తింటాయో ఊహించు.

నీకొక పని అప్పగిస్తున్నాను. టిఫ్‌డ్వార్ఫ్ అనే పొట్టి గరిక ఏ కిరణం వల్లా పుట్టలేదు. గోల్ఫ్ మైదానాల్లో టిఫ్‌గ్రీన్ అనే గరిక మధ్య తనంతట తాను మారి, వేరే రంగు మచ్చలా కనిపించింది. నీ మడిలో కూడా ఏ పిలకైనా ఆకు రంగులోనో నూగులోనో వేరుగా కనిపిస్తే కోసెయ్యకు. దానికి ఎర్ర దారం కట్టి, రెండు కణుపులు బావి పక్కన విడిగా నాటి ఉంచు. దసరాకు వచ్చినప్పుడు మనిద్దరం కలిసి చూద్దాం. ఆ సజ్జ సంచిని కూడా అటక మీద నుంచి దించి ఉంచు.

ఇట్లు,
నీ స్నేహితుడు.