మీ టీం బస్సులో ఒక సీటు

చిరంజీవి బుజ్జమ్మకు,

నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మ, నానమ్మ, నేను క్షేమం. ఆదివారం నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అమ్మ కంగారు పడుతుంటే నేనే సర్దిచెప్పాను, దానికి మాట్లాడాలనిపించినప్పుడు అదే చేస్తుందిలే అని. ఫోన్లో అయితే "ఊఁ", "సరే నాన్నా" అని రెండు ముక్కల్లో పెట్టేస్తావు. కాగితం మీదైతే చెప్పాలనుకున్నది చివరిదాకా చెప్పగలను. తెల్లవారుజామున హైదరాబాద్ సర్వీసు దింపాను. మళ్ళీ రాత్రికే డ్యూటీ. రెస్ట్ రూంలో మిగతా డ్రైవర్లంతా నిద్రపోతున్నారు. నాకు నిద్ర పట్టక ఇది మొదలుపెట్టాను.

మీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ సంగతి మీ కోచ్ గారు చెప్పారు. ముప్పై పాయింట్ల తేడాతో ఓడారని, నువ్వు 14 షాట్లు వేస్తే 3 పడ్డాయని, ఆఖర్లో నిన్ను బెంచి మీద కూర్చోబెట్టాల్సి వచ్చిందని. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని, హాస్టల్ వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదట. 3 షాట్లు పడ్డాయన్నది విని నాకేమీ అనిపించలేదు. వెనక సీటు మాట వినగానే గుండె పట్టేసినట్టయింది.

నీ హుక్ షాట్ నా దగ్గర నేర్చుకున్నదే కదా. నాకు మా పీఈటీ మాస్టారు నేర్పారు. 1989లో నేను టెన్త్. మా స్కూల్లో మట్టి కోర్టు, నెట్ లేని రింగు ఒకటి. ఆ ఏడే కరీం అబ్దుల్ జబ్బార్ రిటైరయ్యాడని మాస్టారు పేపర్లో చూసి, మమ్మల్ని ఎండలో నిలబెట్టి చెప్పారు: అమెరికాలో ఒకాయన ఈ ఒక్క షాట్‌తో 20 ఏళ్ళు ఆడాడర్రా అని. ఆయన చూపించింది అచ్చంగా కరీం షాటేనని ఈ మధ్యనే నాకు తెలిసింది. ఈ రెస్ట్ రూంలోనే, ఫోన్లో పాత మ్యాచ్‌లు చూస్తూ తెలుసుకున్నాను. ఆయన గురించి ఈ ఆరు నెలల్లో దొరికినంతా చదివాను. నీకు చెప్పాలనే చదివాను.

ముందు ఆ షాట్ సంగతి. మాటలతో చెబుతాను, చదువుతూ కళ్ళు మూసుకుని ఊహించుకో. రింగుకి వీపు పెట్టి బంతి అందుకుంటాడు. ఎడమ కాలు మీద తిరుగుతాడు. ఎడమ భుజం డిఫెండర్ వైపు, అంటే అడ్డుకునేవాడి వైపు ఉంటుంది, బంతి ఉన్న కుడి చెయ్యి అవతల వైపు. ఇద్దరి మధ్యా ఆయన ఒళ్ళంతా అడ్డం. ఎడమ పాదం నేలను తన్నుతుంది, కుడి మోకాలు పైకి వస్తుంది, చెయ్యి చెవి పక్కగా నిలువునా లేస్తుంది. అసలే 7 అడుగుల 2 అంగుళాల మనిషి. ఆ చెయ్యి మొత్తం సాగాక చివర్లో మణికట్టు ఒక్కటే వంగుతుంది. బంతి వేళ్ళ కొసల మీద నుంచి జారుతుంది. అక్కడికి ఎగిరి అందుకునేవాడెవడు? దాన్ని స్కైహుక్ అన్నారు. నువ్వు వేసేటప్పుడు మోచెయ్యి బయటికి పోతుంది చూడు, అదొక్కటే నీకూ ఆయనకీ తేడా. మిగతాదంతా నీ దగ్గర ఉంది. ఇది నాన్న ముద్దు కొద్దీ అంటున్న మాట కాదు.

ఆయన అది ఐదో తరగతిలో పట్టుకున్నాడట. అప్పుడు పేరు లూ ఆల్సిండర్, న్యూయార్క్ పిల్లాడు. రింగు కింద నిలబడి కుడి పక్క నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి, బంతిని నేల తాకనివ్వకుండా వేస్తూ పోవడం. మీరూ చేస్తారుగా, మైకన్ డ్రిల్. జార్జ్ మైకన్ అని ఇంకా పాతకాలపు సెంటర్ (రింగు దగ్గర ఆడే ఆటగాడు) పేరు మీద వచ్చింది. చేతులు పడిపోయేదాకా చేయాలి. అందులో చూసేవాళ్ళకి ఆనందమేమీ ఉండదు.

కాలేజీ యూసీఎల్ఏ. అక్కడి కోచ్ జాన్ వుడెన్ నాకు చాలా నచ్చాడు. మొదటి రోజు ప్రాక్టీసుకి వచ్చిన పిల్లలకు బంతి ఇవ్వకుండా, సాక్సు ఎలా తొడుక్కోవాలో చూపించేవాడట. వేళ్ళ దగ్గర, మడమ దగ్గర ఎక్కడా ముడత ఉండకూడదు. ముడత ఉంటే పొక్కు లేస్తుంది, పొక్కు లేస్తే ప్రాక్టీసు పోతుంది. ఇది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. 22 ఏళ్ళ సర్వీసులో డిపో నుంచి బండి తీసేముందు చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూడని రోజు నాకు ఒక్కటీ లేదు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట దొరికేది కాదు. ఆయన చెప్పాడు.

కరీం వర్సిటీలో, అంటే కాలేజీ పెద్ద టీంలో, మొదటి సీజన్ 1966-67. ఆ ఏడు ఆయన డంక్‌లను, బంతిని పైనుంచి రింగులోకి దించేయడాన్ని, ఆపడం ఎవరివల్లా కాలేదు. సీజన్ అయిపోగానే అమెరికా కాలేజీ ఆటలో డంక్ కొట్టడమే నిషేధించారు. 1976 దాకా ఆ రూలు అలాగే ఉంది. ఇది తనను చూసి పెట్టిందేనని ఆయనకూ తెలుసు, లోకానికీ తెలుసు. వుడెన్ మాత్రం దీనివల్ల నీ ఆట ఇంకా పదునెక్కుతుందనే అన్నాడు. పైనుంచి దించడానికి వీల్లేదు కాబట్టి ఆయన ఆ హుక్‌నే సాన పట్టాడు. వరసగా మూడేళ్ళు, 1967, 68, 69, కాలేజీ చాంపియన్‌షిప్ వాళ్ళదే.

నీ ఆదివారం లాంటి రోజు ఆయనకు 1968 జనవరి 20న వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు ఒక మ్యాచ్‌లో కంటికి గీరుకుంది. ఆ కన్నుతోనే హ్యూస్టన్‌లో, అక్కడి కాలేజీ టీంతో, 52 వేల మంది ముందు ఆడాడు. 18 షాట్లు వేస్తే 4 పడ్డాయి. వరసగా 47 గెలిచిన టీం ఆ రోజు 71-69తో ఓడింది. నీది 14కి 3, ఆయనది 18కి 4. లెక్క వేసి చూడు, ఇంచుమించు ఒకటే. రెండు నెలలకి అదే హ్యూస్టన్‌తో సెమీస్‌లో 101-69తో గెలిచారు. తర్వాత ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగులో, ఆయన పెట్టుకున్న ఆ పెద్ద గాగుల్స్ కూడా కళ్ళకు ఇలా దెబ్బలు తగలడం వల్ల వచ్చినవే.

రికార్డులు నీకు తెలుసు, త్వరగా చెబుతాను. 20 సీజన్లు, 1,560 మ్యాచ్‌లు, 38,387 పాయింట్లు. ఆరు టైటిళ్ళు: ఒకటి మిల్వాకీ టీంకి, ఐదు లాస్ ఏంజెలెస్ టీం లేకర్స్‌కి. ఆరుసార్లు ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు), అన్నిసార్లు ఇంకెవరికీ రాలేదు. 1984 ఏప్రిల్ 5న లాస్ వేగాస్‌లో యూటా టీం మీద, తన టీంలోని మ్యాజిక్ జాన్సన్ పాస్ ఇస్తే అదే స్కైహుక్ వేసి విల్ట్ చాంబర్లిన్ 31,419 పాయింట్ల రికార్డు దాటాడు. ఆయన పెట్టిన రికార్డు 2023 ఫిబ్రవరి 7 దాకా, 39 ఏళ్ళకి రెండు నెలలు తక్కువగా నిలిచింది. ఆ రాత్రి లెబ్రాన్ జేమ్స్ దాన్ని దాటుతుంటే కరీం పక్కనే కూర్చుని చూసి, లేచి వచ్చి బంతి చేతికిచ్చాడు. ఆ వీడియో అమ్మకి కూడా చూపించాను. నాకు నచ్చిన అంకె ఇంకోటుంది: మూడు పాయింట్ల షాటు ఆయన కెరీర్ మొత్తంలో ఒక్కటే పడింది. తనకు రానిదాని జోలికి పోకుండా, వచ్చినదాన్ని 42 ఏళ్ళ వయసు దాకా వేశాడు. అన్నేళ్ళు ఒళ్ళు సహకరించడానికి కారణం యోగా అని ఆయనే చెబుతాడు. 1976 నుంచి చేశాడు. నీ మోకాలికి మీ ఫిజియో చెప్పిన స్ట్రెచింగులు మానకు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. 1985 ఫైనల్స్, అంటే కప్పు కోసం రెండు టీంలు వరసగా ఆడే మ్యాచ్‌లు. లేకర్స్ అప్పటికి బోస్టన్ టీంతో ఎనిమిదిసార్లు ఫైనల్స్ ఆడి ఎనిమిదిసార్లూ ఓడారు. మే 27న మొదటి మ్యాచ్, బోస్టన్‌లో. 148-114. ముప్పై నాలుగు పాయింట్ల తేడా! కరీంకి అప్పుడు 38 ఏళ్ళు. 12 పాయింట్లు, 3 రీబౌండ్లు (పడని షాట్ల బంతి అందుకోవడం). ఆ మ్యాచ్ నేను చూశాను తల్లీ. అవతలి సెంటర్ రాబర్ట్ పారిష్ పరుగెడుతుంటే ఈయన సగం కోర్టు వెనక ఉండిపోయాడు. చూస్తుంటే మనింట్లో పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టి మాట అన్నట్టు ఉంది. ముసలివాడైపోయాడు, పని అయిపోయిందన్నారు.

మర్నాడు టీం మొత్తాన్ని కూర్చోబెట్టి ఆ మ్యాచ్ ఫిల్మ్ వేశారు. కరీం ఎప్పుడూ వెనక కూర్చునేవాడట. ఆ రోజు ముందు వరసలో, తెర ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తను చేసిన ప్రతి తప్పూ చూశాడు. తోటివాళ్ళకి క్షమాపణ చెప్పాడు. బుజ్జమ్మా, వెనక సీటు మాట విన్నప్పటి నుంచి నా మనసులో ఇదే తిరుగుతోంది. మీ మ్యాచ్ వీడియో కోచ్ గారి దగ్గర ఉందట. అడిగి చూడు. ఒక్కదానివే కాదు, అందరితో కూర్చుని చూడు.

రెండో మ్యాచ్ మే 30న. కోచ్ పాట్ రైలీ టీం బస్సులో బయటివాళ్ళెవరూ ఎక్కకూడదన్నాడు, కుటుంబాలు కూడా. బస్సు బయల్దేరే ముందు కరీం వెళ్ళి ఆయన్ని అడిగాడు: మా నాన్నని బస్సులో రానిస్తారా అని. రైలీ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. నాన్న పక్కన కూర్చుని కరీం మ్యాచ్‌కి వెళ్ళాడు. ఆ రాత్రి 30 పాయింట్లు, 17 రీబౌండ్లు, 8 అసిస్టులు (తోటివాళ్ళు బుట్టలో వేసేలా ఇచ్చిన పాసులు). 109-102తో గెలిచారు. జూన్ 9న ఆరో మ్యాచ్ కూడా గెలిచి, బోస్టన్ గడ్డ మీదే కప్పు ఎత్తారు. 38 ఏళ్ళ మనిషి ఫైనల్స్ ఎంవీపీ. అది మొదటిసారి వచ్చింది 1971లో, మధ్యలో 14 ఏళ్ళు.

ఆ నాన్న న్యూయార్క్ సబ్‌వే రైళ్ళ దగ్గర పోలీసు. నాలాగే నైట్ డ్యూటీలు చేసి ఉంటాడు. ట్రాంబోన్ వాయించేవాడు. మాటలు తక్కువ మనిషట. ఆ బస్సులో తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అసలు మాట్లాడుకుని ఉండరనుకుంటాను. అవసరమేముంది? ప్రపంచమంతా తెలిసిన మనిషి, 38 ఏళ్ళు వచ్చినవాడు, ఓడిన మూడో రోజు నాన్నని పక్కన కూర్చోబెట్టుకోవాలనుకున్నాడు. ఆ కొడుకు అడిగాడు చూడు, అడగగలిగాడు చూడు, అక్కడ నాకు కళ్ళు తడిశాయి. చుట్టూ డ్రైవర్లు నిద్రపోతున్నారు కాబట్టి సరిపోయింది.

నువ్వు టెన్త్‌లో ఉండగా జిల్లా మ్యాచ్‌లో నేను లైను పక్కన నిలబడి అరిచాను. "మోచెయ్యి! మోచెయ్యి!" అని. నువ్వు రెండు ఫ్రీ త్రోలు పోగొట్టావు. ఇంటికొచ్చి, "నువ్వొస్తే నాకు టెన్షన్ నాన్నా, రావద్దు" అన్నావు. తప్పు నాదే. ఆ మాటకి కట్టుబడి నాలుగేళ్ళు రాలేదు. ఒకసారి మాత్రం, గుంటూరులో నీ మ్యాచ్ ఉన్నప్పుడు, గేటు దాకా వచ్చాను. బయట టీ కొట్టు దగ్గర నిలబడి రిఫరీ ఈలలు, మీ బూట్ల కీచుమన్న చప్పుడు విని వెళ్ళిపోయాను. ఇది ఇంతవరకు నీకు చెప్పలేదు. ఆ రోజు గెలిచారో లేదో కూడా నీ ఫోన్ వచ్చాకే తెలిసింది.

వచ్చే ఆదివారం మీకు మళ్ళీ మ్యాచ్ ఉందని కోచ్ గారు చెప్పారు. నిన్ను ఆడిస్తారట. నేను ఒకతనితో డ్యూటీ మార్చుకుని ఆ రోజు ఖాళీ పెట్టుకున్నాను. టీం బస్సులో సీటు అడగడం లేదు, అది నా హద్దు కాదు. గ్యాలరీలో పై మెట్టు మీద కూర్చుంటాను. ఒక్క మాట అరవను. నువ్వు బెంచి మీదే ఉన్నా మ్యాచ్ అయ్యేదాకా ఉంటాను. అయ్యాక మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేకపోతే ఊరికే పక్కన కూర్చుందాం.

రావచ్చో లేదో శనివారం రాత్రిలోపు ఒక్క మెసేజ్ పెట్టు. రమ్మంటే తెల్లవారుజామున ఐదున్నర బండికి బయల్దేరతాను. అమ్మ నీకోసం మందపాటి సాక్సులు రెండు జతలు కొని ఉంచింది, నేనే తీసుకొస్తాను. వద్దంటే నేనేమీ అనుకోను, అటు వచ్చే కండక్టర్ చేత పంపిస్తాను, బస్టాండుకొచ్చి తీసుకో.

ఇట్లు,
నాన్న