మినిట్స్ పుస్తకాలు చెదలపాలు కాకముందే

సంపాదకులకు నమస్కారం.

బరంపురం తెలుగువారి చరిత్రపై మీ ఆదివారం వ్యాసం చదివాను. బాగుంది, కానీ అన్నీ మగవాళ్ల పేర్లే. 1894లో ఇక్కడే పుట్టిన వి.వి.గిరి గారి గురించి రాశారు. శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం నిలబడి అరెస్టయిన ఆయన తల్లి సుభద్రమ్మ గారికి ఒక్క వాక్యమూ దక్కలేదు.

1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అప్పటికి మా గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. మా మహిళా సమాజం శాఖ ఆ తరువాతి అమ్మమ్మలు పెట్టుకున్నది. సమావేశాల వివరాలు రాసుకున్న పాత మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ చూడండి: పైన దసరా పేరంటం ఖర్చు, దాని కింద కుట్టుమిషను సూదులు, ఆ కింద చందా బేడ (రెండణాలు) కట్టినావిడ వేలిముద్ర. చివరి పుస్తకాలకొచ్చేసరికి తెలుగు మాటలే ఒడియా లిపిలో ఉంటాయి. బళ్లో నేర్పింది అదే మరి!

భద్రపరుస్తామని కొన్ని పుస్తకాలు పట్టుకెళ్లిన ఒక సంస్థ ఇంతవరకు రసీదైనా ఇవ్వలేదు. మిగిలినవి మేమే ఫోన్లతో ఫొటోలు తీస్తున్నాం.

పర్లాకిమిడి, రాయగడ, జయపురం ఇళ్లలోనూ అటకల మీద ఇలాంటివి ఉండే ఉంటాయి. వాటిని బయటికి తీయమని మీ పత్రికలో చిన్న ప్రకటన వేయగలరా? గ్రూపు ఫొటో దొరికితే వెనకాల పెన్సిలుతో పేర్లు రాయించమనండి. ‘గుమస్తా గారి భార్య’ అని కాదు, ఆవిడ సొంత పేరు.

— ఒక సభ్యురాలు, బరంపురం, గంజాం జిల్లా