విదేశీ ‘సెక్యూరిటీ’ ఉద్యోగాలు: శిక్ష ఎవరికి, రక్షణ ఎవరికి?

సంపాదకుడు గారికి,

2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ల సర్వీసు ముగిశాక నూటికి 25 మందికి మించి సైన్యంలో ఉంచుకోరు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని, పింఛను లేకుండా ఇళ్లకు వస్తారు. తుపాకీ వాడడం తెలిసిన కుర్రవాళ్లకు విదేశీ ప్రైవేటు సైనిక కంపెనీల్లో గిరాకీ ఉంటుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మాజీ సైనికుల కుటుంబాలు తక్కువేమీ కాదు. ‘సెక్యూరిటీ’, ‘హెల్పర్’ పేర్లతో వచ్చే ఈ ఉద్యోగాల విషయంలో చట్టం ఎక్కడ ఖాళీగా ఉందో జనానికి తెలియాలి.

కిరాయి సైనికులపై అంతర్జాతీయ నిషేధం ఉందని చాలామంది అనుకుంటారు. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 47వ అధికరణం చెప్పేది ఒక్కటే: కిరాయి సైనికుడికి పోరాట సైనికుడి హోదా గానీ యుద్ధఖైదీ హోదా గానీ అడిగే హక్కు లేదు. కానీ అలా తేల్చాలంటే ఆరు షరతులు కలవాలి. పోరాడడానికే ప్రత్యేకంగా నియమించి ఉండాలి, నిజంగా పోరులో పాల్గొనాలి, అదే హోదా సైనికుడి కంటే బాగా ఎక్కువ డబ్బు ఆశతో వచ్చి ఉండాలి, పోరాడుతున్న దేశాల పౌరుడో నివాసో కాకూడదు, ఆ సైన్యాల్లో సభ్యుడు కాకూడదు, వేరే ప్రభుత్వం అధికారికంగా పంపినవాడూ కాకూడదు. ఒక్కటి తప్పినా నిర్వచనం వర్తించదు. కంపెనీ ఒప్పందంలో ‘కాపలా’ అని రాస్తే మొదటి షరతు దగ్గరే వాదన మొదలవుతుంది. సైన్యమే చేర్చుకుంటే ఐదోది పోతుంది. (మన సైన్యంలోని నేపాలీ గూర్ఖాలు కిరాయి సైనికులు కారు అనడానికీ ఆధారం ఇదే, అందులో తప్పులేదు.) కిరాయి సైనికుల నియామకాన్ని నిషేధిస్తూ ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన ఒప్పందం 2001లో అమల్లోకి వచ్చింది. అమెరికా, బ్రిటన్, రష్యా, చైనా అందులో చేరలేదు. మనమూ చేరలేదు.

దీని ఫలితం బాగ్దాద్ నిసూర్ కూడలిలో కనిపించింది. 2007 సెప్టెంబరు 16న అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ బ్లాక్‌వాటర్ కాపలాదారుల కాల్పుల్లో 17 మంది ఇరాకీలు చనిపోయారు. విదేశీ కాంట్రాక్టర్లకు స్థానిక చట్టం నుంచి మినహాయింపు ఇచ్చిన 2004 నాటి ఉత్తర్వు అప్పటికి అమల్లో ఉంది. 2014లో అమెరికా కోర్టు నలుగురిని దోషులుగా తేల్చింది. 2020 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టాడు.

పెద్ద కంపెనీ మనుషుల సంగతి అది. మన పిల్లల సంగతి వేరు. 2016 జూన్‌లో కాబూల్‌లో కెనడా రాయబార కార్యాలయ కాపలాదారుల బస్సుపై దాడి జరిగితే నేపాలీలతో పాటు భారతీయులూ చనిపోయారు. రష్యా సైన్యంలో తేలిన 126 మంది భారతీయుల్లో 12 మంది మరణించారనీ, 16 మంది జాడ తెలియడం లేదనీ విదేశాంగ శాఖ 2025 జనవరిలో ప్రకటించింది. మృతుల్లో హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు. అక్కడ సంతకం పెట్టించే కాగితం రష్యన్ భాషలో ఉంటుంది. పైగా 2022 సెప్టెంబరులో పుతిన్ ఇచ్చిన ఉత్తర్వుతో సైనిక ఒప్పందాలు గడువు తీరినా రద్దు కావు. ‘ఏడాదే కదా’ అన్న ఏజెంటు మాటకు అక్కడ విలువ లేదు.

ఇక మన చట్టాలు చూడండి. 1983 వలసల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి 18 దేశాలకే తప్పనిసరి. ఆ జాబితాలో రష్యా లేదు. అదీ సాధారణంగా పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే. జవానుగా చేరినవాడు సాధారణంగా పదో తరగతి పాసై ఉంటాడు కాబట్టి ఇరాక్, లిబియాలకు వెళ్లినా ఎవరూ ఆపి అడగరు. రిజిస్ట్రేషన్ లేని ఏజెంటుకు ఆ చట్టం వేసే శిక్ష గరిష్ఠంగా రెండేళ్ల జైలు, రెండు వేల రూపాయల జరిమానా. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం ప్రకారం అనుమతి లేకుండా విదేశాల్లో కాపలా సేవలు అందించే సంస్థకు పడేది గరిష్ఠంగా ఏడాది జైలు, పాతిక వేలు. మోసపోయి వెళ్లిన కుర్రవాడికో? మనతో శాంతిగా ఉన్న దేశంపై యుద్ధం చేశాడని భారతీయ న్యాయ సంహిత 153వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వేయవచ్చు. పంపినవాడికి వలసల చట్టం కింద రెండేళ్లు, వెళ్లినవాడికి జీవితకాలం! ఇది అన్యాయం.

వెళ్లాలనుకునేవాళ్లు ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే అనుమానించాలి. విజిట్ వీసాపై ఉద్యోగానికి వెళ్లకూడదు. బీమా పత్రంలో యుద్ధం వల్ల మరణిస్తే వర్తించదన్న షరతు ఉందేమో చదవాలి. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు కింద పని అయితే, సబ్‌కాంట్రాక్టరు దగ్గర చేసినా సరే, 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం కింద పరిహారం రావాలి. జాతీయతతో పని లేదు, కానీ సాధారణంగా ఏడాదిలోగా క్లెయిమ్ వేయాలి.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఈ వివరాలను డిశ్చార్జి అయి వచ్చే ప్రతి జవానుకూ తెలుగులో ముద్రించి ఇవ్వాలి. కేంద్రం 1983 చట్టాన్ని మార్చేటప్పుడు, పాస్‌పోర్టు రకాన్ని బట్టి కాకుండా పని రకాన్ని బట్టి అనుమతి తప్పనిసరి చేయాలి. ఆయుధంతో, సైనిక స్థావరంతో సంబంధమున్న ఏ పనికైనా అది వర్తించాలి. 153వ సెక్షన్ కేసును ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు విచారణకు తీసుకోదు. మోసపోయి వెళ్లినవాళ్లపై ఆ అనుమతి ఇవ్వబోమని ప్రభుత్వం ఇప్పుడే ప్రకటించాలి. అప్పుడే తిరిగొచ్చినవాళ్లు భయం లేకుండా పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఏజెంటు పేరు చెబుతారు.

– ఒక న్యాయవాది, చిత్తూరు