పోచంపల్లి రంగునీళ్లకు సముద్రపు శిలీంధ్రాలు

సంపాదకుడికి నమస్కారం.

మా భూదాన్ పోచంపల్లికి ఇక్కత్ చీరలు చూడటానికి వచ్చేవారిని మగ్గం దగ్గరికి తీసుకెళ్తాం, ఆసు పోసే చోటికి తీసుకెళ్తాం. రంగులద్దే పెరట్లోంచి మోరీలోకి పోయే నీళ్లను మాత్రం ఎవరికీ చూపించం. ఈ లేఖ ఆ నీళ్ల గురించే.

నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు నూలుకు రంగులద్దుతున్నాడు. వాళ్ల పెరటి బావి నీళ్లు తాగడం మానేసి చాలా ఏళ్లయింది. "సార్, ఈ రంగు విరగ్గొట్టే దారేమైనా ఉందా?" అని నిరుడు అడిగాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివి తెలుసుకున్నదాన్ని, అతనికి చెప్పినదాన్ని, మీ పత్రిక ద్వారా అధికారులకు కూడా చెప్పాలనుకుంటున్నాను.

నూలుకు రియాక్టివ్ రంగులు (పోగుతో రసాయనికంగా అతుక్కునే రంగులు) పట్టాలంటే తొట్టిలో ఉప్పు దండిగా వేయాలి, సోడా వేయాలి. పోగుకు పట్టని రంగు, వేసిన ఉప్పు అంతా కలిసి బయటికి వచ్చేస్తాయి. మురుగునీటిని శుద్ధి చేసే మామూలు బాక్టీరియా అంత ఉప్పులో సరిగా పనిచేయదు. పైగా గాలి అందని చోట కొన్ని బాక్టీరియాలు అజో రంగులను (అద్దకంలో ఎక్కువగా వాడే ఒక రకం రసాయన రంగులను) విరగ్గొడితే మిగిలే అమైన్లు అనే రసాయనాల్లో కొన్ని ఆ రంగుకన్నా ప్రమాదకరం. నీళ్లు తేటపడ్డాయని సంబరపడటానికి వీల్లేదు.

ఇక్కడే సముద్రం గుర్తుకు రావాలి. మడ అడవుల్లో కూలిన కర్ర మీదా, కుళ్లుతున్న సముద్రపు గడ్డి మీదా పెరిగే శిలీంధ్రాలు ఉన్నాయి. వాటికి ఉప్పు కొత్త కాదు. కర్రను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొట్టడానికి వాటిలో కొన్ని లాకేస్ వంటి ఎంజైములను బయటికి వదులుతాయి. ఆ ఎంజైములకు ఫలానా పదార్థమే కావాలన్న పట్టింపు తక్కువ. లిగ్నిన్‌ను పోలిన నిర్మాణం ఉన్న అద్దకపు రంగులను కూడా అవి పట్టుకుని విరగ్గొడతాయి.

ఇది ఎక్కడో విదేశంలో జరిగిన పని కాదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో డాక్టర్ చంద్రలత రఘుకుమార్, ఆమె సహచరులు ఏళ్ల తరబడి దీని మీద పరిశోధన చేశారు. కుళ్లుతున్న సముద్రపు గడ్డి ఆకుల నుంచి వాళ్లు వేరుచేసిన ఫ్లావొడాన్ ఫ్లావస్ అనే శిలీంధ్రం, సారా కర్మాగారాల నుంచి వచ్చే నల్లటి మొలాసిస్ (చక్కెర మడ్డి) వ్యర్థజలంలో 8 రోజుల్లో 80 శాతం రంగును తొలగించింది. మడ అడవి నుంచి తీసిన మరో శిలీంధ్రం రంగునీళ్లు తగిలేసరికి లాకేస్‌ను ఇంకా ఎక్కువగా తయారుచేసింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా పెరళ్లే కళ్లముందు కదిలాయి.

సముద్రపు బూజు మనకు మేలు చేయడం ఇది మొదటిసారి కూడా కాదు. ఈ రోజు ప్రతి ఆసుపత్రిలో వాడే సెఫలోస్పోరిన్ అనే యాంటీబయాటిక్ మందుల మూలం, 1945లో ఇటలీలోని సార్డీనియా తీరాన మురుగు సముద్రంలో కలిసే చోట శాస్త్రవేత్త జుసెప్పె బ్రోట్జు పట్టుకున్న ఒక శిలీంధ్రమే.

అయితే ప్రయోగశాల సీసాలో జరిగినది మన పెరట్లో రేపే జరుగుతుందని నేను అనను. అద్దకపు నీళ్లలో సోడా వల్ల క్షారం ఎక్కువ. దాన్ని ముందు తగ్గించాలి. శిలీంధ్రానికి తిండి కావాలి. రంగును విరగ్గొట్టకుండా ఒంటికి పట్టించుకుని ఊరుకునే శిలీంధ్రాలూ ఉంటాయి, అప్పుడు ఆ ముద్దను ఎక్కడ పారేయాలన్నది ఇంకో సమస్య. ఏ శిలీంధ్రమూ ఉప్పును తీసేయదు. రంగు పోయిన ఉప్పునీటిని మళ్లీ అద్దకానికే వాడుకోగలమా అన్నది పరీక్షించి చూస్తేనే తేలుతుంది. చూడాలనే నా విన్నపం.

నీటి పరీక్షలు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్తవి కావు. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది, ఆఫ్రికా దేశాల్లో కూడా వాడి చూశారు. మన ఊళ్ల నొప్పి నుంచి పుట్టిన పేరు అది. దాని బాగోగులను ఈ నాటికీ శాస్త్రజ్ఞులు చర్చిస్తూనే ఉన్నారు, అలా చర్చకు నిలబడేంత పని ఆనాడు జరిగింది.

అందుకే చేనేత శాఖకు, నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికి ఒక మాట. గోవా సంస్థను అడిగి ఆ శిలీంధ్రాలను తెప్పించండి. ఆ సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. పోచంపల్లిలోనో, పుట్టపాకలోనో ఒక్క అద్దకపు పెరటిని తీసుకుని, ఏడాది పాటు అన్ని కాలాల్లో నాలుగైదు డ్రమ్ముల్లో పరీక్షించండి. రంగు తగ్గిందా అనే కాకుండా, శుద్ధయిన నీళ్లలో చేపపిల్లలు బతుకుతున్నాయా, విత్తనాలు మొలుస్తున్నాయా అన్నదీ చూడండి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా తెలుగులో రాసి మున్సిపాలిటీ గోడ మీదో, పంచాయతీ గోడ మీదో అంటించండి. రంగులద్దేవారి మీద కేసులు పెట్టి పని ఆపించడంతో మొదలుపెట్టవద్దు. వారి చేతుల్లో ఈ రోజు వేరే దారి లేదు.

డ్రమ్ములు పెట్టుకోవడానికి తన పెరట్లో చోటిస్తానని నా శిష్యుడు చెప్పాడు. రోజూ నీళ్లు తోడి, కొలిచి, నోటుపుస్తకంలో రాసే పని నేను చేస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భూదాన్ పోచంపల్లి